గ్లాసులో బుడగల లెక్క

పాయకాపురం, విజయవాడ
ఆదివారం

అమ్మడూ,

నిద్రలో ఊపిరి ఆగకుండా డాక్టరు పెట్టుకోమన్న సీప్యాప్ మిషన్ మాస్కు మళ్లీ అట్టపెట్టెలో సర్దేసి బీరువా మీదికి ఎక్కించావట. నాకు చెప్పొద్దన్నావట కూడా. మీ అమ్మ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ చెప్పావంటే, నాకు తెలియాలనే చెప్పి ఉంటావు. ఫోన్ చేస్తే "సరే నాన్నా, చూస్తాలే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను.

నువ్వు మూడు రాత్రులకే వదిలేశానని బాధపడుతున్నావు. నేను పదకొండు రాత్రులు పీకి పారేశాను. 2023 వేసవిలో నువ్వు ఫోన్ చేసి "మిషన్ ఎలా ఉంది నాన్నా" అంటే "బ్రహ్మాండం" అన్నాను గుర్తుందా? ఆ టైముకి అది మంచం కింద ఉంది.

అమ్మిన కుర్రాడు "గట్టిగా బిగించుకోండి సార్, గాలి లీకవకూడదు" అని చెప్పి వెళ్లిపోయాడు. నేను పంపుసెట్టు బోల్టులు బిగించినట్టు బిగించాను. లైటు ఆపగానే గాలి ముఖాన కొట్టింది. ఊపిరి వదలబోతే ఎదురుగా గాలి తోసుకొస్తోంది. గుండె దడదడ, అరచేతులు చెమట. ఇరవై నిమిషాలు కూడా కాలేదు, పీకేసి బాల్కనీలో కూర్చున్నాను. వరద రాత్రుల్లో బ్యారేజీ మీద డ్యూటీ చేసినవాణ్ణి, ప్లాస్టిక్ ముక్కకి భయపడ్డానని సిగ్గేసింది. నీకు స్కూటీ కొన్నప్పుడు హెల్మెట్‌లో ఊపిరాడట్లేదని రెండు రోజులు ఏడ్చావు. నాకు చిన్నప్పటి నుంచీ దుప్పటి ముఖం మీదికి వస్తే పడదు. ఇది నా నుంచి వచ్చిందే తల్లీ, నీ తప్పేం లేదు.

నాకు స్లీప్ ఆప్నియా, అదే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, ఉందని తేలింది ఎలాగో నీకు తెలుసు. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి మీదే కునుకు పడితే వెనకవాడు హారన్ కొట్టి లేపాడు. సూర్యారావుపేట ఆసుపత్రిలో ఒక రాత్రి తల నిండా వైర్లు అంటించి, ఛాతీకి బెల్టు కట్టి, వేలికి క్లిప్పు పెట్టి పడుకోబెట్టారు. నిద్రలో ఊపిరి గంటకు 42 సార్లు తడబడుతోందని రిపోర్టు వచ్చింది. నీ రిపోర్టు అల్లుడుగారు వాట్సాప్‌లో పంపారు, నీది 27. ఊపిరి పూర్తిగా ఆగినవీ, బాగా సన్నగిల్లినవీ కలిపి వేసే లెక్క అది. ఒక్కొక్కటీ 10 సెకన్లకు తక్కువ కాదు. 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం అంటారు.

పదకొండో రాత్రి తర్వాత సిగ్గు విడిచి డాక్టరు దగ్గరికి వెళ్లాను. "మీరేం పని చేసేవారు?" అన్నారు. ఇరిగేషన్లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌నండీ అన్నాను. "అయితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. మీ మిషన్ ప్రెషర్ 10. అంటే 10 సెంటీమీటర్ల నీళ్లు" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. నీళ్లని చెబితే చాలు కదా నాకు!

ఇంటికొచ్చి పొడుగు గాజుగ్లాసు తీసుకుని, నీ పాత జామెట్రీ బాక్సులో స్కేలు పెట్టి నీళ్లు పోశాను. కొబ్బరిబోండాల బండి దగ్గర తెచ్చిన స్ట్రాని సరిగ్గా 10 సెంటీమీటర్ల లోతుకి దించి ఊదాను. గుళక్ గుళక్ మని బుడగలు. అంతే! స్ట్రా అడుగు నుంచి ఆ బుడగ బయటపడటానికి ఎంత ఒత్తిడి కావాలో, ఆ రాకాసి మిషన్ బలం అంతే. బ్యారేజీ దగ్గర 12 అడుగుల నీటిమట్టం చూస్తూ ఉద్యోగం చేసినవాణ్ణి, బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ నీళ్లకి భయపడి బాల్కనీలో కూర్చున్నానన్నమాట. నీకు పెట్టింది 8. పిల్లదానితో కలిసి 8 దగ్గర గీత గీసి ఊది చూడు. దానికి ఆట, నీకు లెక్క.

ఆ గాలి ఏం చేస్తుందో కూడా నాకు కాలవ మీదే అర్థమైంది. నిండుగా పారేటప్పుడు కాలవగట్టు జారదు, లోపలి నీళ్లే దాన్ని ఆనుకుని నిలబెడతాయి. ఒక్కసారిగా నీళ్లు దించేశామో, మెత్తబడిన గట్టు లోపలికి కూలుతుంది. నా సర్వీసులో ఎన్ని చూశానో. నిద్రలో మన గొంతూ అంతే, కండ వదులై దారి మూసుకుంటుంది. మిషన్ గాలి ఆ దారిలో నిండుగా ఉండి గట్టు కూలకుండా ఆపుతుంది. ఊపిరి నువ్వే పీలుస్తావు, నువ్వే వదులుతావు. దాని పని గట్టు కాయడమే.

లెక్క తెలిసినంత మాత్రాన ఆ రాత్రే నిద్ర పట్టిందనుకోకు. నేను చేసిన తెలివైన పని ఒకటే, రాత్రి ప్రయత్నించడం మానేశాను. చీకట్లో నిద్ర రావాలని టెన్షన్ పడుతూ కొత్త వస్తువుతో కుస్తీ పడితే ఎవడు గెలుస్తాడు? సాయంత్రం నాలుగింటికి, టీవీలో మీ అమ్మ సీరియల్ నడుస్తుండగా, గొట్టం లేకుండా ఉత్త మాస్కుని చేత్తో ముఖానికి ఆనించుకుని కూర్చున్నాను. పట్టీలు కూడా పెట్టలేదు. వద్దనిపించిన క్షణాన తీసేయొచ్చు, చెయ్యి నాదే కదా. రెండు మూడు రోజులకి పట్టీలు, తర్వాత గొట్టం, ఆ తర్వాత మిషన్ ఆన్ చేసి సీరియల్ చూడటం. మీ అమ్మ నన్ను చూసి "తొండం ఒకటి తక్కువైంది అనుకున్నా, అదీ వచ్చింది" అని పడీ పడీ నవ్వింది. అప్పటి నుంచి నీ కూతురికి నేను గణపతి తాతయ్యని.

ఇంకో పని చేశాను, నువ్వూ చెయ్యాలి. కరెంటు పోతే ఊపిరాడక పోతానేమోనని లోపల ఒక భయం ఉండేది. ముఖానికి మాస్కు ఉండగానే మీ అమ్మని స్విచ్ ఆపమన్నాను. మిషన్ ఆగింది. మాస్కులో చిన్న రేకు టప్పున తెరుచుకుని గదిలో గాలి లోపలికి వచ్చింది. ముక్కూ నోరూ కప్పే మాస్కుకి ఆ ఏర్పాటు ఉంటుందట. నీది ముక్కు మీద పెట్టేదే కాబట్టి నోరు తెరిస్తే సరి. గొట్టం ఒక్క చేత్తో ఊడదీయడం కళ్లు మూసుకుని పదిసార్లు చెయ్యి. తలుపు ఎక్కడుందో తెలిస్తే గది ఇరుకనిపించదు.

పట్టీలు మరీ బిగించకు, బిగిస్తే ఇంకా లీకవుతుంది. పడుకుని, మిషన్ నడుస్తుండగా సర్దుకోవాలి. గాలి మొదట్లో 4 దగ్గర నెమ్మదిగా మొదలై పెరిగే ఏర్పాటు ఉంటుంది, నీ దాంట్లో ఆన్ చేశారో లేదో అడుగు. ముక్కు ఎండిపోతుంటే నీళ్ల తొట్టి ఉన్న రకం అడుగు. మాస్కు పడకపోతే ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్నది ఉంటుంది, భయపడేవాళ్లకి అది నయం. ప్రెషర్ మాత్రం నువ్వు ముట్టుకోకు. నిద్రమాత్ర వేసుకుని పెట్టుకుంటానన్నావట. డాక్టరుని అడగకుండా వద్దమ్మా, కొన్ని మాత్రలు గొంతుని ఇంకా వదులు చేస్తాయి.

1980లో ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు మొదటి మిషన్‌ని వాక్యూమ్ క్లీనర్ మోటారుతో కట్టాడు. ఆ రోజుల్లో మాస్కుని రోజూ రాత్రి ముక్కుకి జిగురుతో అంటించేవాళ్లట. అంతకుముందు ముదిరిన కేసులకి గొంతుకి చిల్లు పెట్టడమే వైద్యం. మనకి వచ్చిన పట్టీలు ఎంతో మేలు.

అసలు నిన్ను ఎక్కువ బాధపెడుతున్నది గాలి కాదని నాకో అనుమానం. ఆడపిల్ల గురక పెడుతుందా అని పెళ్లిలో ఎవరో నవ్వారట. నవ్వనీ. పొద్దున్నే తలనొప్పి, చిన్న వయసులో బీపీ, మధ్యాహ్నం లాప్‌టాప్ ముందు తూగు ఉన్నా నిన్ను మూడేళ్లు థైరాయిడ్ అనీ రక్తం తక్కువనీ తిప్పారు. గురక మగవాళ్ల జబ్బు అనుకునే అలవాటు డాక్టర్లలోనూ ఉంది. ఆ మాట మీద నాకింకా కోపం తగ్గలేదు. అల్లుడుగారు పక్క గదిలో పడుకుంటున్నందుకు నువ్వు సిగ్గుపడకు. మీ అమ్మ నా గురకతో నలభై ఏళ్లు కాపరం చేసింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మన వీధిలోకి వచ్చినప్పుడు మీ అమ్మ బియ్యం డబ్బా ఎత్తుకుని పైకి పరిగెత్తింది. నేను ఏం ఎత్తుకున్నానో తెలుసా? మిషన్. "పెళ్లినాటి ఫోటోలు తేలేదు గానీ తొండం తెచ్చారు" అని ఇప్పటికీ దెప్పుతుంది. తెచ్చి లాభం లేకపోయింది, నాలుగు రోజులు కరెంటు లేదు. మూడో రోజు పొద్దున లేచేసరికి పాత తలనొప్పి, నోరు పిడచకట్టుకుపోయి ఉంది. రాత్రంతా మీ అమ్మ కొవ్వొత్తి పక్కన కూర్చుని, నా ఊపిరి ఆగినప్పుడల్లా భుజం తట్టిందట. కింద నడుము లోతు నీళ్లు చూస్తూ, ఆ ప్లాస్టిక్ ముక్క కోసం బెంగపెట్టుకున్నాను. పదకొండు రాత్రులు పీకి పారేసిన మనిషిని! ఆ శనివారమే వినాయకచవితి. వీధిలో ఎక్కడా పందిరి లేదు. కరెంటు వచ్చిన రాత్రి నేను మాస్కు పెట్టుకుంటే మీ అమ్మ దణ్ణం పెట్టింది, వేళాకోళానికో నిజానికో అడగలేదు.

శుక్రవారం పొద్దున శాతవాహన ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరుతున్నాను. నా మిషన్ నా వెంటే వస్తుంది. నీ గదిలో నువ్వు, హాల్లో నేను. బీరువా మీద నుంచి పెట్టె దించమని నేను అడగను, సాయంత్రం నాలుగింటికి మాత్రం నా పక్కన కూర్చుని సీరియల్ చూడాలి. గోంగూర పచ్చడి, మిషన్ నీళ్ల తొట్టికి రెండు సీసాల డిస్టిల్డ్ వాటర్ తెస్తున్నాను. హాల్లో దివాన్ పక్కన ప్లగ్ పాయింట్ ఉందో లేదో అల్లుడుగారిని చూసి చెప్పమను. లేకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా సంచిలో పడేసుకుంటాను.

నాన్న