ప్లాసా దె మాయోలో ఒక బోర్డు కోసం: బ్యూనస్ ఐరెస్ సాంస్కృతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారాలు.

ఉద్యోగం మీద వచ్చి మీ ఊళ్ళో రెండేళ్ళు ఉన్న తెలుగువాణ్ణి. మావాళ్ళూ చదవాలని తెలుగులో రాస్తున్నాను. మీకు స్పానిష్ తర్జుమా విడిగా పంపుతాను. అడిగేది చిన్న పనే. ఊరి నడిబొడ్డు మైదానం ప్లాసా దె మాయోలో, పాత కబిల్దో (నగర పాలక సభ) భవనం ఉన్న వైపు, మార్తీన్ దె అల్సాగా గురించి ఒక బోర్డు పెట్టించండి. దాని మీద ఆయనతో పాటు ఇంకొందరికీ చోటివ్వండి.

మీకు తెలిసిన కథే, మావాళ్ళ కోసం చెప్పాలి. అల్సాగా 1755లో స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో పుట్టాడు. పన్నెండేళ్ళ వయసులో ఇక్కడికి చేరేనాటికి స్పానిష్ కూడా రాదంటారు. ఓ వ్యాపారి దగ్గర పనికి కుదిరి, లెక్కలు నేర్చి, సొంత వ్యాపారం పెట్టి, ఊళ్ళోకెల్లా పెద్ద షావుకార్లలో ఒకడయ్యాడు. ఇలాంటి కథలంటే మా తెలుగువాళ్ళం చెవి కోసుకుంటాం. నేనూ మొదట అలాగే విన్నాను.

తర్వాత హొవాకీన్ అనే ఓడ సంగతి తెలిసింది. అది 1803 నవంబర్‌లో మొజాంబిక్ నుంచి 301 మంది బానిసలతో బయలుదేరింది. 1804 మేలో నదికి అవతలి రేవు మోంతెవీదెయో చేరేసరికి 30 మంది మిగిలారు. ఆ సరుకు అల్సాగాది. సరుకు అన్నది నా మాట కాదు, ఆనాటి వ్యాపారుల లెక్కల్లో మనుషులు అలాగే ఉండేవారు. వాళ్ళు అంటురోగంతో పోయారా, తాగడానికి నీళ్ళు లేక పోయారా అని వ్యాజ్యం నడిచింది.

ఇదే మనిషి కబిల్దోలో పెద్ద. కబిల్దో అంటే మా మున్సిపాలిటీ, కోర్టు, జైలు ఒకే కప్పు కింద ఉన్నట్టు. రొట్టె బరువు, మాంసం ధర దగ్గర్నుంచి దొంగతనం కేసుల దాకా అక్కడే తేలేవి. ఏటా జనవరి 1న దిగిపోయే సభ్యులే కొత్తవాళ్ళను ఎన్నుకునేవారు. మామూలు జనానికి ఓటు లేదు. 1795లో అల్సాగా అక్కడ మొదటి ఆల్కాల్దే, అంటే న్యాయాధికారి కూడా. ఫ్రెంచివాళ్ళు, బానిసలు కలిసి తిరుగుబాటు చేయబోతున్నారన్న పుకారు పట్టుకుని విచారణ జరిపి, ఆంతోనీనీ అనే ఇటలీ గడియారాల పనివాణ్ణి చిత్రహింసలు పెట్టించాడు.

అంతమాత్రాన ఆయన చేసిన మేలు దాచలేం. 1806లో ఇంగ్లీషు సేనాని బెరెస్‌ఫర్డ్ సైన్యం ఊరిని పట్టుకున్నప్పుడు, వాళ్ళను తరిమేందుకు రహస్యంగా డబ్బు సమకూర్చినవాడు ఆయన. (ఆ సైన్యాన్ని దక్షిణాఫ్రికాలోని కేప్ నుంచి పంపింది డేవిడ్ బెయిర్డ్. 1780లో పొల్లిలూరులో హైదర్ అలీ సేనకు చిక్కి శ్రీరంగపట్నం చెరలో మగ్గిన బెయిర్డే. ప్రపంచం ఎంత చిన్నదో!) మరుసటి ఏడు జూలైలో ఇంకో ఇంగ్లీషు సేనాని వైట్‌లాక్ దండెత్తి వచ్చాడు. ఊరి బయట మన పక్షం సేనాని లినియెర్స్ సేన చెదిరిపోయింది. ఆ రాత్రి వీధుల్లో దీపాలు వెలిగించి, కందకాలు తవ్వించి, జనాన్ని నిలబెట్టింది అల్సాగాయే. జూలై 5న ఇళ్ళ కప్పుల మీంచి జరిగిన పోరులో ఇంగ్లీషు సైన్యం చిత్తయింది. లొంగుబాటు షరతుల్లో మోంతెవీదెయోను కూడా వదిలి వెళ్ళాలని పట్టుబట్టిందీ ఆయనే.

ఆ పోరులో బానిసలూ ఉన్నారు. అదే ఏడు నవంబర్‌లో ఇదే మైదానంలో లాటరీ తీసి వాళ్ళలో 70 మందికి విడుదల ఇచ్చారు. ప్రాణాలకు తెగించి పోరాడినవాడికి స్వేచ్ఛ రావాలన్నా చీటీ తగలాలి. ఆ ఏడాది మొదటి ఆల్కాల్దే ఎవరో చెప్పక్కర్లేదు.

1809 జనవరి 1న అల్సాగా, అప్పటికి వైస్రాయ్ అయిన లినియెర్స్‌ను దించబోయి విఫలమై, దూరాన పాతగోనెస్‌కు ప్రవాసం పోయాడు. అక్కణ్ణుంచి బయటపడ్డాడు గానీ ఎక్కువ కాలం బతకలేదు. 1812లో, స్పెయిన్ వైస్రాయ్‌ని 1810లో దించి వచ్చిన కొత్త ప్రభుత్వంపై స్పెయిన్ పక్షంవాళ్ళు కుట్ర పన్నుతున్నారని ఫిర్యాదు అందింది. చెప్పినవాడు వెంతూరా అనే బానిస. ఆ కుట్రకు నాయకుడని జూలై 6న అల్సాగాను కాల్చి, శవాన్ని ఈ మైదానంలోనే వేలాడదీశారు. సరైన విచారణ జరగలేదు. ఆయన చేతిలో ఆంతోనీనీకి దక్కని న్యాయం ఆయనకూ దక్కలేదు, దానికి నేను సంతోషించలేను. వెంతూరాకు మాత్రం స్వేచ్ఛ వచ్చింది.

నా కోరిక ఇదీ: ఊరిని కాపాడిన రాత్రి, హొవాకీన్ ఓడ, ఆంతోనీనీ, లాటరీలో గెలిచిన 70 మంది, వెంతూరా, ఉరికొయ్య అన్నీ ఒకే బోర్డు మీద, ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. వీరుడనీ, దుర్మార్గుడనీ రాయించకండి. స్కూలు పిల్లలు టీచర్లతో వరసగా వస్తుంటారు కాబట్టి వాళ్ళ కంటికి అందే ఎత్తులో పెట్టించండి. చోటు చాలకపోతే అల్సాగా పదవుల జాబితా తగ్గించండి. 301, 30 అన్న అంకెలు మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ ఊళ్ళో రెండేళ్ళు అద్దెకున్న ఒక తెలుగువాడు