కడప జిల్లా ఎస్పీ గారికి: మా పిన్నమ్మ స్టిక్కర్ కాదు సార్

సార్ నమస్తే. కడప ఏడు రోడ్ల కాడ మా పిన్నమ్మ టమాటాలు అమ్ముతాది. రెండేండ్ల కిందట ఒకాయన బైకుతో గంపని గుద్దేసి ఆపకుండా పోతాంటే ఆమె నోటికొచ్చినట్టు తిట్టింది, ఎవరో వీడియో తీసి గంప పడిన ముక్క కత్తిరించి తిట్టింది మాత్రం పెట్టినారు. ఆడమనిషికి అంత నోరేంది అని కొందరు, తప్పేముంది అని కొందరు కొట్లాడుకున్నారు, ఆ గొడవ వారంలో సల్లారింది. మొగం మాత్రం మిగిలిపోయింది సార్. ఫస్ట్ వాట్సాప్ స్టిక్కర్, తర్వాత డీజే రీమిక్స్, ఇప్పుడు కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా మ్యాచ్ ఓడిపోయినా ఆమె మొగమే. పెట్టినోడు డిలీట్ చేసినాడు, ఏం లాభం, ఎన్ని ఫోన్లలో కాపీలున్నాయో.

మొన్న బేరానికొచ్చిన పిల్లోడు ఫోన్ ఎత్తి "అవ్వా, ఒకసారి తిట్టు" అన్నాడు. ఆమె తక్కెడ కింద పెట్టేసి మొగానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

స్టేషన్‌కి పోతే నవ్వి, వదిలేయండి అన్నారు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం సోషల్ మీడియా కంపెనీలకి ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి కదా సార్, ఆ ఫిర్యాదు ఎట్ల పెట్టాలో చదువురాని ఆమెకేం తెలుస్తాది? ప్రతి స్టేషన్లో ఒకరిని పెట్టి ఇట్లాంటోళ్ళకి అది రాసిపెట్టించండి. మీ స్టాఫ్ గ్రూపుల్లో ఆ స్టిక్కర్ ఉంటే ముందు అది తీసేయమనండి సార్.