పది కోళ్ల ఇంటికి వెయ్యి కోళ్ల సీసా

సంపాదకులకు నమస్కారం.

పెరటి కోళ్ల మీద మీ పత్రికలో వచ్చే వ్యాసాలు ఒక్కటీ వదలను. ఏ జాతి మేలు, గుడ్లు ఎన్ని వస్తాయి అన్నవి బాగానే రాస్తున్నారు. కానీ ఇంట్లో ఓ పది కోళ్లు పెంచుకునేవాళ్లకి రోజూ ఉండే టెన్షన్ గురించి, అందులోనూ టీకా దొరక్క పడే అవస్థ గురించి ఎక్కడా చదవలేదు.

కోళ్లున్న ఇంట్లో ఏ రోజూ ఒకేలా గడవదు. నిన్నటిదాకా గుడ్డు పెట్టిన పెట్ట ఉన్నట్టుండి మానేస్తుంది, జబ్బేమోనని కంగారు పడతాం, తీరా చూస్తే పాత ఈకలు రాలుస్తుంటుంది, కొత్తవి వచ్చేదాకా అది తిన్న బలమంతా ఈకలకే పోతుంది కాబట్టి గుడ్డు అడగకూడదు. ఇంకో పెట్ట పొదుగుకు కూర్చుంటుంది. ఆ 21 రోజులూ మేత మీద దానికి ధ్యాసే ఉండదు, తనంతట తాను లేవకపోతే మనమే లేపి నీళ్లు తాగించాలి, చెయ్యి పెడితే పొడుస్తుంది కూడా. పిల్లలు బయటికొచ్చిన రోజు మాత్రం ఇంటిల్లిపాదీ గూడు దగ్గరే.

తల్లి లేని పిల్లలైతే మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఇచ్చి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. నన్నడిగితే థర్మామీటర్ కన్నా పిల్లల్నే చూడమంటాను. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, మూలలకు పోయి నోళ్లు తెరిస్తే వేడి. గూట్లో నేల తడిగా ఉంటే రక్త పారుడు పట్టుకుంటుంది, దోమలు ఎక్కువైతే మశూచి, పైన గద్ద, రాత్రి పిల్లి. అయినా ఇవన్నీ కాస్త కనిపెట్టుకుని ఉంటే చాలావరకు తప్పించుకోవచ్చు.

కొక్కెర తెగులు (రాణిఖేత్ జబ్బు) అలాంటిది కాదు. అసలే కోడి తన జబ్బు బయటపడనివ్వదు, అది రెక్కలు వాల్చి ముడుచుకు కూర్చున్నది మన కంట పడేసరికే ఆలస్యమైపోతుంది. ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి ఊపిరి లాగడం, మెడ మెలితిరగడం, ఇక అంతే. వైరస్ కాబట్టి తగ్గించే మందు లేదు, టీకా పడని మందలో ఒక్కటీ మిగలకపోవచ్చు. పిల్లలు పేర్లు పెట్టి సాకిన కోళ్లు వరసగా పోతుంటే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు.

టీకా ఉంది, మంచిదే, కంట్లో ఒక్క చుక్క చాలు. కానీ సీసాలు వందల కోళ్లకు, వెయ్యి కోళ్లకు సరిపోయేట్టు వస్తాయి. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, పొడిని ద్రావణంలో కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి, మిగిలింది రేపటికి పనికిరాదు. పది కోళ్లకి టీకా ఎందుకండీ అని మొహం మీదే అన్నవాళ్లున్నారు. వెయ్యి కోళ్ల షెడ్డుకు వచ్చే వైరస్సే పది కోళ్ల గూటికీ వస్తుంది కదా!

దీనికి దారి లేకపోలేదు. చల్లదనం కొంత తప్పినా త్వరగా చెడిపోని ఐ-2 అనే టీకాను ఆస్ట్రేలియాలో ఊరి కోళ్ల కోసమే తయారు చేశారు, ఆఫ్రికా, ఆసియా పల్లెల్లో దాన్ని నాలుగు నెలలకోసారి కంటి చుక్కగా వేస్తున్నారు. అది దొరకని చోట ఇరుగుపొరుగు కలిసి ఒకే సీసా తెచ్చుకుని ఒకే పూట అందరి కోళ్లకీ వేయించుకోవచ్చు. వేకువన గూటి తలుపు తీయకముందే వేస్తే వెంటపడి పట్టుకునే బాధ ఉండదు. కోళ్లన్నిటినీ ఒకచోటికి మోసుకురావద్దు, సీసాయే ఇంటింటికీ తిరగాలి, లేకపోతే ఒకరి కోడి జబ్బు అందరికీ అంటుకుంటుంది. నీరసంగా ఉన్నదానికి ఆ పూట వేయకండి.

మీ పశుపోషణ పేజీలో టీకాల క్యాలెండరు నెలనెలా వేయండి, ఏ వయసుకి ఏది వేయాలో పశువైద్యులతో రాయించండి. టీకా తయారుచేసే కంపెనీలు ఇరవై, యాభై కోళ్లకు సరిపడే చిన్న సీసాలు తెచ్చేలా మీవైపు నుంచి గట్టిగా అడగండి. మేం పదిమంది అడిగితే పట్టించుకోరు, పత్రిక అడిగితే జవాబు చెప్తారు.

ఇట్లు,
మీ పాఠకురాలు