పది దాటాక మీటరుతో పనేముంది?

సంపాదకులకు,

ఫంక్షన్ హాళ్ల మోత మీద పోయిన వారం మీ నగర పేజీలో వచ్చిన వార్త చదివాను. సంబంధిత అధికారులెవరైనా సవరణ ఇస్తారేమోనని కొన్నాళ్లు చూశాను. ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను. పోలీసు స్టేషన్లకు డెసిబెల్ మీటర్లు (మోత ఎంతుందో కొలిచే పరికరాలు) వస్తే తప్ప కేసులు పెట్టలేమని ఒక అధికారి అన్నారని మీ విలేకరి రాశారు. ఒక్క ఎదురు ప్రశ్న కూడా వేయలేదు. ఆ అధికారి చెప్పింది తప్పు. ఆ తప్పునే నమ్మి ఈ హైదరాబాద్‌లో ఎంతోమంది ఫిర్యాదు చేయడమే మానేశారు.

రాత్రి 10 దాటాక ఆరుబయట డీజే మోగితే ఎన్ని డెసిబెల్సని ఎవరూ కొలవనక్కర్లేదు, మోగడమే నేరం. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల్లో 5వ నిబంధనలోని (2)వ ఉపనిబంధన తీసి చూడండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకరు వాడకూడదు. మూసి ఉన్న హాలులో లోపలివాళ్ల కోసం పెట్టుకోవడం, ప్రజలకు అత్యవసర పరిస్థితి రావడం, ఈ రెండే మినహాయింపులు. ఆ ఉపనిబంధనలో డెసిబెల్ ప్రస్తావనే లేదు. ‘మాది డీజే కాదు సార్, బ్యాండు మేళమే’ అని తప్పించుకునే వీలు కూడా లేదు. 2010లో సవరించినప్పుడు వాద్యాలను, యాంప్లిఫయర్లను, శబ్దం చేసే ఏ పరికరాన్నైనా అందులో చేర్చారు. అంతకుముందు ఫిర్యాదు చేయాలంటే మోత పరిమితికి 10 డెసిబెల్స్ పైన ఉండాలనేవారు. రాత్రి ఆంక్షల్ని ఉల్లంఘిస్తే చాలు, ఫిర్యాదు చేయవచ్చని అదే సవరణ 7వ నిబంధనలో రాసింది. ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని పదిహేనేళ్లు దాటినా స్టేషన్లలో చదవకపోతే ఏమనాలి?

‘ఇది కమర్షియల్ రోడ్డు, ఇక్కడ పర్లేదు’ అంటారు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతంలో 65, 55 అన్న తేడా కొలిచే చోటే పనికొస్తుంది. రాత్రి నిషేధానికి ఏ ప్రాంతమైనా ఒకటే. ‘పండగలకు 12 దాకా ఉంది కదా’ అంటారు. ఉంది. ఏడాది మొత్తం మీద 15 రోజులకు మించకుండా, ఏయే రోజులో ముందే ప్రకటించి, రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వగల సడలింపు అది. దాన్ని సుప్రీంకోర్టు 2005 అక్టోబరులో సమర్థించింది. ఒక ఇంటివాళ్ల పెళ్లి బరాత్‌కూ దానికీ సంబంధం లేదు.

అసలు కిటుకంతా ‘మూసి ఉన్న హాలు’ అన్న దగ్గరే ఉంది. గార్డెన్స్ అని బోర్డు పెట్టుకున్న చాలా వాటికి ఉండేది ఇనుప రేకుల కప్పు, స్టేజీ వెనక ప్లైవుడ్ గోడ. మిగతా మూడు వైపులా పరదాలే. అది మూసి ఉన్న హాలు ఎలా అవుతుంది? నిజంగా నాలుగు గోడలున్న హాలైనా సరే, ప్రైవేటు స్థలమైతే ప్రహరీ దగ్గర మోత ఆ ప్రాంతం పరిమితి కన్నా 5 డెసిబెల్స్‌కు మించి ఎక్కువ ఉండకూడదు. నివాస ప్రాంతంలో రాత్రి అంటే 50. కొందరు యజమానులు గోడలకు నల్ల ఫోమ్ అంటించి సౌండ్ ప్రూఫ్ చేయించామని చూపిస్తారు. పలుచటి ఫోమ్ లోపల ప్రతిధ్వనిని తగ్గిస్తుందే గానీ బేస్‌ను, అంటే దడదడలాడించే లోతైన మోతను, ఆపదు. బేస్ ఆగాలంటే బరువు కావాలి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, కాంక్రీటు కప్పు, అంచులకు రబ్బరు పట్టీ ఉన్న జంట తలుపులు ఉండాలి. రెండు తలుపుల మధ్య చిన్న గది వదిలితే ఇంకా మంచిది. తలుపు కింద వేలెడు సందు వదిలేస్తే మిగతా ఖర్చంతా దండగే. హాలు సొంత సౌండ్ సిస్టమ్‌కు మోత హద్దు దాటకుండా ఆపే లిమిటర్ బిగించి సీలు వేసి, బయటి డీజేలు దానికే కలుపుకోవాలన్న షరతు పెడితే సగం గొడవ తీరుతుంది. లైసెన్సు రెన్యువల్ చేసేటప్పుడు ఈ ఒక్క షరతు ఎందుకు పెట్టరో జీహెచ్‌ఎంసీయే చెప్పాలి.

పగటి పూట మాత్రం కొలవాల్సిందే. అక్కడ కూడా ఎలా కొలుస్తున్నారో చూస్తే బాధేస్తుంది. బహిరంగ స్థలంలో స్పీకర్లు పెడితే దాని సరిహద్దు దగ్గర మోత ఆ ప్రాంతం పరిమితికి 10 డెసిబెల్స్ పైనా, లేదా 75, ఏది తక్కువైతే అది దాటకూడదు. నివాస ప్రాంతంలో పగలు అది 65. మీటరు పట్టుకోవాల్సింది సరిహద్దు దగ్గర. జీపులో కూర్చుని కాదు, వీధి చివర నిలబడి అసలే కాదు. ఖాళీ మైదానంలో దూరం రెట్టింపైనప్పుడల్లా మోత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 5 మీటర్ల దగ్గర 100 ఉన్నది 10 మీటర్లకు 94, 20కి 88, 40కి 82. ఈ లెక్కన 65కు దిగాలంటే దాదాపు 280 మీటర్లు పోవాలి. గోడలు ఎదురెదురుగా ఉన్న మన గల్లీల్లో అంత కూడా తగ్గదు. మీటరును నేలకు 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తులో, గోడకు దూరంగా పట్టుకోవాలి. మైకుకు గాలి తొడుగు ఉండాలి. కొలిచే ముందు కాలిబ్రేటర్ (తెలిసిన మోతను ఇచ్చి మీటరును సరిచూసే పరికరం) పెట్టి 94 డెసిబెల్స్ సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకోవాలి. ఫోన్లో యాప్‌తో తీసిన అంకె కోర్టులో నిలబడదు.

ఇంకో సంగతి. నిబంధనల్లో పరిమితులన్నీ ‘ఏ (A) వెయిటింగ్’ లెక్కలో, అంటే మనిషి చెవికి వినిపించే తీరుకు తగ్గట్టు సవరించిన లెక్కలో ఉన్నాయి. ఆ లెక్క తక్కువ పౌనఃపున్యాలను, అంటే బేస్ లాంటి లోతైన శబ్దాలను, బాగా తగ్గించి చూపిస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు 30 డెసిబెల్స్. అంటే బేస్ బాక్సు నుంచి వచ్చే 100 డెసిబెల్స్ 50 హెర్ట్జ్ దడ మీటరులో 70గానే కనిపిస్తుంది. కిటికీ అద్దాలు అదురుతుంటాయి, అల్మరాలో గిన్నెలు గలగలమంటాయి, మంచం మీద పడుకున్న గుండె జబ్బు మనిషి లేచి కూర్చుంటాడు. ‘పెద్దగా ఏం లేదండీ’ అని మీటరు చూపించి వెళ్లిపోతారు. మీటర్లు కొంటే అన్నీ సర్దుకుంటాయని నమ్మేవాళ్లు ఇది గమనించాలి. కొనే మీటరులో బేస్‌ను అంతగా తగ్గించని ‘సి (C) వెయిటింగ్’ కూడా ఉంటుంది. ఆ అంకెను కూడా పంచనామాలో రాయమని చెప్పడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు నిషేధించారు. మంచి పని. కానీ ఊరేగింపు ఏడాదికి కొన్నిసార్లే. పెళ్లిళ్ల సీజన్లో డీసీఎం వ్యాను మీద బాక్సులు పేర్చుకుని బరాత్ వీధి వీధికీ వస్తుంది. డయల్ 100కు చెబితే పెట్రోలింగ్ బండి వస్తుంది, సౌండ్ తగ్గించమంటుంది, వెళ్తుంది. బండి మలుపు తిరగ్గానే మళ్లీ మొదలు. లౌడ్ స్పీకర్లను, యాంప్లిఫయర్లను స్వాధీనం చేసుకునే ఏర్పాటు రాష్ట్రాలు చేయాలని 2005 జులై 18 తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది. వ్యాను మొత్తం స్టేషన్‌కు తోలాల్సిన పని కూడా లేదు. మిక్సరు, యాంప్లిఫయర్లు తీసుకుంటే చాలు, మిగిలినవి చెక్క పెట్టెలే. ఒకవేళ కేసు పెట్టినా పబ్లిక్ న్యూసెన్స్ కింద పెడతారు. భారతీయ న్యాయ సంహిత 292లో దానికి గరిష్ఠ జరిమానా 1,000 రూపాయలు. ఒక్క రాత్రికి లక్షల్లో అద్దె తీసుకునే హాలుకు అదొక లెక్కా? పర్యావరణ పరిరక్షణ చట్టం 15వ సెక్షన్ కింద 2024 ఏప్రిల్ నుంచి జైలు తీసేసినా, జరిమానా 10 వేల నుంచి 15 లక్షల దాకా ఉంది. ఆ దారిలో ఎందుకు పోరు?

ఒక్క డీజేలనే అనడం కూడా న్యాయం కాదు. నివాస ప్రాంతాల్లో రాత్రి పూట శబ్దం చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదని 5ఏ నిబంధన అంటుంది. మరో పక్క పగలు భారీ వాహనాలను నగరంలోకి రానివ్వరు. రెడీమిక్స్ లారీలు రాత్రే వస్తాయి, కాంక్రీట్ పంపు, వైబ్రేటర్ తెల్లవార్లూ నడుస్తాయి. మొదలుపెట్టిన స్లాబును మధ్యలో ఆపలేరు, ఆపితే అతుకు దగ్గర బలహీనపడుతుంది. ఒక శాఖ ఆంక్ష పెట్టి ఇంకో శాఖ నిబంధనను తొక్కిస్తోంది. స్లాబు రోజుల వరకు పగటి పాస్ ఇచ్చే విషయం రెండు శాఖలూ కూర్చుని ఒక పూటలో తేల్చుకోవచ్చు. కూర్చోరు. అనవసరంగా హారన్ కొడితే 1,000, రెండోసారి 2,000 జరిమానా అని మోటారు వాహనాల చట్టం 194ఎఫ్‌లో ఉంది. ఆస్పత్రి గేటు ముందు నిలబడి ఆ చలానా రాసేవాళ్లు కనిపించరు. 2011 నుంచి నగరంలో శబ్దాన్ని కొలిచే కేంద్రాలున్నాయి, మా తార్నాకలో కూడా ఒకటి ఉంది. కొలవడానికేం, కొలుస్తూనే ఉన్నారు.

ఇబ్బంది పడుతున్నవాళ్లు మీటరు గురించి ఆలోచించకుండా ఇలా చేయండి. ముందు 100కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. మీ బాల్కనీ నుంచే వీడియో తీయండి. టైము కనిపించాలి, హాలు బోర్డు కనిపించాలి, పక్కలు తెరిచి ఉంటే అదీ కనిపించాలి. మర్నాడు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. అందులో ‘చాలా గోలగా ఉంది’ అని రాయకండి. ఫలానా తేదీన 10 గంటల తర్వాత ఆరుబయట యాంప్లిఫయర్ వాడారు, 5(2)ను ఉల్లంఘించారు, 7వ నిబంధన కింద ఫిర్యాదు చేస్తున్నాం, 8వ నిబంధన కింద నిషేధ ఉత్తర్వు ఇవ్వండి అని రాయండి. వీలైతే నాలుగిళ్ల వాళ్లు సంతకాలు పెట్టండి. ఫిర్యాదును స్టేషన్‌తో వదిలేయకుండా కమిషనర్ కార్యాలయానికి కూడా పంపండి. నిబంధనల ప్రకారం ‘అథారిటీ’ అంటే కలెక్టరు, పోలీసు కమిషనరు, లేదా డీఎస్పీ హోదాకు తగ్గకుండా నియమించిన అధికారి. తర్వాత 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆ రోజు ఆ హాలుకు లౌడ్ స్పీకర్ అనుమతి ఇచ్చారా, ఎన్ని గంటల దాకా, ఏ షరతులతో, ఎవరి సంతకంతో అని అడగండి. వాళ్లు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

— ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్