సూరిగాడికి, సీలేరు లోయ కబురు

నర్సీపట్నం
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు లేదని అలిగి ఉంటావు. క్షమించరా. నాన్నకి శుక్లాల ఆపరేషన్, అది అవగానే పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ, ఊపిరాడలేదు. నాన్న కన్ను బాగుంది. అమ్మ బాగుంది. చెల్లి సంబంధం మాటల్లో ఉంది, తేలాక రాస్తాను. నీ పచ్చ గొడుగు భద్రంగా ఉంది, ఎవరికీ ఇవ్వలేదు. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

నేను హార్న్‌బిల్ గూడు చూశాన్రా!

తొర్ర లోపల ఆడపిట్ట, తొర్ర మూతికి గోడ, ఆ గోడలో సన్నటి చీలిక, బయట మగపిట్ట. కళ్లారా చూశాను. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "ఆ, తర్వాత? తర్వాత?" అని తరుముతావు. ఇది తరిమితే చెప్పే సంగతి కాదు, కూర్చుని చదువు.

మన రమణగాడికి ధారకొండ దాటాక లోపల ఒక ఊళ్లో బళ్లో పోస్టింగు వచ్చిందని రాశానుగా. సెలవులిచ్చాక రమ్మని ఒకటే గొడవ. మనందరికీ ఏజెన్సీ అంటే లంబసింగి, ఆ మంచు, ఆ జనం, అంతే కదా. కార్లన్నీ అక్కడే ఆగిపోతాయి. నేనెక్కిన భద్రాచలం బస్సు చింతపల్లి, గూడెం కొత్తవీధి, ఆర్వీ నగర్ మీదుగా ముందుకి పోతూనే ఉంటుంది. ఆర్వీ నగర్ దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. వారం పది రోజుల కిందట వాన పడిందట. కాఫీకి ఆ ఒక్క వాన చాలు, తర్వాత తోట తోటంతా ఒకేసారి పూస్తుంది. రెండు మూడు రోజులే ఆ పూత. సరిగ్గా ఆ రోజుల్లోనే మా బస్సు అటు వెళ్లింది. కొమ్మలన్నీ తెల్లగా, కిటికీలోంచి ఒకటే ఘుమఘుమ. నువ్వుంటే డ్రైవర్ని బతిమాలి బస్సు ఆపించేవాడివి.

అక్కణ్ణుంచి సీలేరు వైపు దిగుతుంటే మలుపు మలుపుకీ అడవి చిక్కబడుతుంది. దారిలో ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టుకుని నిలబడ్డారు. ఏజెన్సీ గిరిజనుల ఇటుకల పండగ రోజులు కదా, డబ్బులిస్తేనే బండి కదలాలి. పాటలు, నవ్వులు. బస్సంతా తలా కాస్త ఇచ్చింది. ఒక ముసలమ్మ నన్ను చూసి ఏదో అని పకపకా నవ్వింది. ఏమందో రమణగాడు ఇప్పటికీ చెప్పలేదు.

సీలేరు అంటే మనకి కరెంటేగా గుర్తు. ఈ నదినే పైన ఒడిశాలో మాచ్‌ఖండ్ అంటారు, కిందికొచ్చి సీలేరవుతుంది, ఇంకా కిందికి పోయి శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మోతుగూడెంలో ఒక్క దిగువ సీలేరు కేంద్రమే 460 మెగావాట్లు. మనం హాస్టల్లో రాత్రంతా లైట్లు వేసుకుని చదివిన చదువుకి (చదివాం కదా?) ఈ నీళ్లే తిరిగుంటాయి. అంత కరెంటు ఇచ్చే లోయలో రమణగాడి ఊరికి ఫోన్ సిగ్నల్ లేదు. వెళ్లిన సాయంత్రం వాడి గుమ్మంలో కూర్చుంటే, నిజం చెప్తున్నాను, నా చెవులకి ఏం చెయ్యాలో తోచలేదు. కాసేపటికి వాగు వినపడింది. తర్వాత ఎక్కడో ఎవరో కట్టెలు కొడుతున్న చప్పుడు. ఇవి ముందు నుంచీ ఉన్నవే, నాకే ఆలస్యంగా అందాయి.

మర్నాడు చీకటితోనే ఒక తాత వచ్చి లేపాడు. రమణగాడి ఇంటి పక్కాయన. కూతురూ మనవరాలూ అప్పటికే ఇప్పపూలు ఏరడానికి బుట్టలతో బయల్దేరారు. ఈ ఏటికి చివరి పూలు. తెల్లారితే పశువులు తినేస్తాయని చీకట్లోనే పోతారు. తాత మాత్రం మమ్మల్ని ఇంకో దారిన ఎక్కించాడు. "మాటాడకండి బాబూ, రంగుచొక్కా ఇడిసేయండి" అన్నాడు. నా ఎర్రచొక్కా (అదే, నువ్వు కొన్నదే) విప్పి సంచిలో కుక్కి రమణగాడి బూడిదరంగు దుప్పటి కప్పుకున్నాను.

ఒక పెద్ద బండ వెనకాల కూర్చోబెట్టాడు. ఎదురుగా, బాగా దూరంలో, ఒక తాని చెట్టు. మన త్రిఫలలో వేసే తానికాయ చెట్టే. ఎంత లావంటే, ముగ్గురం చేతులు కలిపినా అందదు. బాగా ఎత్తులో ఒక తొర్ర. తొర్ర మూతి మట్టిరంగులో పూడిపోయి ఉంది, మధ్యలో నిలువునా ఒక చీలిక. నాకు ముందు అది బెరడే అనిపించింది. ఆ చీలికలో ఏదో తెల్లగా కదిలింది. ముక్కు కొస!

రమణగాడు నా చెవిలో చెప్పాడు. గుడ్లు పెట్టే ముందు ఆడది తొర్రలోకి వెళ్లి, తన రెట్టతోనే మూతి పూడ్చేసుకుంటుందట. లోపల రెక్కల ఈకలు, తోక ఈకలు రాలిపోతాయి. ఇక ఎగరలేదు. రెండు నెలలకి పైగా ఆ చీకట్లోనే పొదగడం, పిల్లల్ని పెంచడం. పాముకీ పిల్లికీ దొరకదు సరే, తిండి? అంతా మగదే తేవాలి.

అంతలో చప్పుడొచ్చింది. పిట్ట కంటే ముందు చప్పుడు. రెక్కలు గాలిని కోస్తూ, బరువుగా, లోయ కింది నుంచి పైకి. తాత నా మోచెయ్యి పట్టుకున్నాడు. నలుపూ తెలుపూ, అంత పెద్ద పసుపు ముక్కు, దాని మీద నల్లమచ్చ ఉన్న ఇంకో ముక్కులాంటిది. తిన్నగా గూటికి పోలేదురా. పక్క చెట్టు మీద వాలి చాలాసేపు చూసింది. అటు చూసింది, ఇటు చూసింది. మా బండ వైపూ చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. అప్పుడు వెళ్లి చీలిక పక్కన బెరడు పట్టుకుని వాలింది. మెడ ఒక్కసారి విదిలిస్తే గొంతులోంచి ఒక మర్రిపండు ముక్కు కొసకి వచ్చింది. లోపలికి అందించింది. ఇంకోటి. ఇంకోటి. మన మెస్సులో చిన్నయ్య "ఇంకో గరిటె, ఇంకో గరిటె" అంటూ వద్దన్నా వడ్డించేవాడు చూడు, అచ్చం అంతే. నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఎన్ని పళ్లో లెక్కపెడదామనుకుని మొదలెట్టి వదిలేశాను, లెక్క మీద ధ్యాస పెడితే పిట్ట మీద ఉండటం లేదు.

అది ఎగిరిపోయాక తాత మెల్లగా మాట్లాడాడు. తన చిన్నప్పుడు దీన్ని మందుకని కొట్టేవారట. ఇప్పుడు ఈ చెట్టు ఎక్కడుందో ఊళ్లో పిల్లలకి కూడా చెప్పడట. "మగదాన్ని కొడితే ఒకటి పోదు బాబూ, ఇల్లంతా పోద్ది" అన్నాడు. ఆ మాట దగ్గర నాకు చాలాసేపు... ఏం రాయాలో తెలీడం లేదు. వదిలెయ్.

ఇంకో సంగతి. ఈ పిట్ట తొర్ర తవ్వుకోలేదు, ఉన్న తొర్రలోకే పోవాలి. అంత తొర్ర పడాలంటే చెట్టు ఎంత ముసలిది కావాలి? కలప చూసేవాడికి తొర్రచెట్టు పనికిరాని చెట్టు. నాకిప్పుడు అడవి మొత్తంలో అదే విలువైన చెట్టుగా కనిపిస్తోంది. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు (కింది నీళ్లని పైకి తోడి, మళ్లీ వదిలి కరెంటు తీసేది) తలపెట్టారని పేపర్లో చదివాను. మనకి కరెంటు కావాలి, కాదనను. కానీ ఆ లెక్కలు వేసేవాళ్లు ఒక్క పొద్దున్న ఆ బండ వెనకాల కూర్చోవాలని మాత్రం గట్టిగా ఉంది నాకు.

నువ్వు మేలో వస్తావా, రావా? పూణే ఆఫీసులో సెలవు అడుగు. తాత ఒప్పుకుంటే తీసుకెళ్తాను, రంగుచొక్కా మాత్రం వద్దు. అప్పటికి పిల్లలు బయటికి వచ్చేసినా గోడ పగిలిన తొర్ర చూపిస్తాను. చెట్టు కింద నేలంతా అవి రాల్చిన గింజలు మొలకెత్తి ఉన్నాయి, అదీ చూపించాలి. ఇంకా వాగు దగ్గర కొండగోరింకలు ఏం చేశాయంటే

తమ్ముడు వైజాగ్ బయల్దేరాడు, ఇది వాడి చేతికిచ్చేస్తే పెద్ద పోస్టాఫీసులో వేస్తాడు. బస్సుకి టైమైందని గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు. గోరింకల సంగతి వచ్చే ఉత్తరంలో. మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు. సెలవు సంగతి వెంటనే రాయి.

నీ
బాబ్జీ