చిన్న తూటా సరదా ఎందుకు తీరదు

సంపాదకులకు నమస్కారం,

షూటింగ్ క్రీడ మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. బాగా రాశారు, కానీ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. పాయింట్ టూ టూ రైఫిల్ (0.22 అంగుళం లావు గుండు కాల్చే చిన్న తుపాకీ) అంటే కొత్తగా నేర్చుకునే పిల్లలు పట్టుకునేదని, చెయ్యి కుదిరాక దాన్ని పక్కనపెట్టి పెద్ద తుపాకీకి వెళ్లిపోతారని అందులో ఉంది. పదిహేనేళ్లుగా షూటింగ్ రేంజికి వెళ్తున్నాను, పెద్ద క్యాలిబర్లూ (అంటే లావు గుండ్ల తుపాకులూ) కాల్చాను, ఆ మాట మాత్రం ఒప్పుకోలేను. నేను చూసినంతలో పెద్దవాటికి వెళ్లినవాళ్లే కొన్నాళ్లకు తిరిగొచ్చి ఈ చిన్నదాని దగ్గర గంటలు గంటలు కూర్చుంటారు. పోటీ ఉండదు, పతకం ఉండదు, సరదా ఒక్కటే. ఆ సరదా గురించి ఎవరూ రాయరు కాబట్టి ఈ ఉత్తరం.

ఒక తూటా అరచేతిలో పెట్టుకుని చూడండి. మొత్తం పొడవు అంగుళం. ముందున్న సీసపు గుండు మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. వెనకున్న ఇత్తడి కేసుకి అడుగున సన్నటి అంచు ఉంటుంది, నిప్పు రాజేసే మందు ఆ అంచు మడతలోనే ఉంటుంది. తుపాకీలోని ఫైరింగ్ పిన్ అనే చిన్న మేకు వచ్చి అంచుని నలిపితే మందు అంటుకుంటుంది, అందుకే రిమ్‌ఫైర్ అంటారు. కాల్చాక ఖాళీ కేసు ఏరి చూస్తే అంచు మీద చిన్న నొక్కు కనిపిస్తుంది, మెత్తటి మైనం మీద గోరు గుచ్చినట్టు. నాకు ఇప్పటికీ ఒకటో రెండో కేసులు ఏరి ఆ నొక్కు చూసుకోవడం అలవాటు. అంచు నలగాలంటే ఇత్తడి పల్చగా ఉండాలి, పల్చగా ఉంటే ఎక్కువ ఒత్తిడికి ఆగదు, కాబట్టి దీన్ని ఎంత కావాలంటే అంత బలంగా తయారుచెయ్యడం కుదరదు. లోపమని కొందరు అనే ఈ సంగతే నా లెక్కలో దీని అసలు గొప్పతనం.

ఎందుకంటే ఈ జాతి పుట్టిందే సరదా కోసం. 1845 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఫ్లోబేర్ అనే ఆయన తయారుచేసిన చిన్న తూటాలతో జనం ఇంటి హాల్లోనే గురి చూసి కాల్చుకునేవారు. 1857లో స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్‌తో పాయింట్ టూ టూ షార్ట్ అనే తూటా వచ్చింది, 1887లో స్టీవెన్స్ కంపెనీ పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ అనే తూటా తెచ్చింది. ఇవాళ మనం కాలుస్తున్నది అదే. తుపాకుల రూపురేఖలన్నీ మారిపోయాయి, ఈ అంగుళం తూటా మాత్రం అలాగే ఉంది.

ఇక అసలు విషయానికి వస్తాను. తుపాకీ భుజాన్ని గట్టిగా తన్నితే మనిషి దానికి తెలియకుండానే ముందుగా సిద్ధమైపోతాడు, ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూతపడతాయి, భుజం ముందుకు తోస్తుంది, చెయ్యి బిగుసుకుంటుంది, గుండు ఎటో పోతుంది, తప్పు తుపాకీదా తనదా అన్నది తేలదు. పాయింట్ టూ టూలో ఆ తన్ను దాదాపు ఉండదు. చప్పుడు కూడా, గుండు వేగం ధ్వని వేగానికి కాస్త తక్కువగా ఉండే మ్యాచ్ తూటాలైతే (పోటీల్లో వాడేవి), చెవుల రక్షణ మీద నుంచి వింటే పొడిగా టప్‌మని వినిపిస్తుంది అంతే. టెన్షన్ లేదు కాబట్టి ప్రతి తూటాకీ నువ్వేం చేశావో నీకు తెలుస్తుంది. కాగితం మీద చిల్లు కుడికి పోయిందంటే కారణం నీ వేలో, నీ ఊపిరో, లేదా గాలో.

మా అన్నయ్య కూతుర్ని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు పక్క లేన్లో పెద్ద రైఫిల్ పేలితే ఆ పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది, ఇంటికి పోదాం బాబాయ్ అంది. అక్కడ జనం కాస్త తగ్గేదాకా ఆగి, పాయింట్ టూ టూ ఇచ్చి, ఒక్క తూటా మాత్రమే పెట్టి, 25 మీటర్ల దూరంలో ఇనప పలక చూపించాను. నొక్కింది. అటునుంచి టింగ్‌మని వచ్చింది. తల తిప్పి నా వైపు చూసిన ఆ మొహం నేను మరిచిపోలేను. ఇంకోటి బాబాయ్, ఇంకోటి అంటూ పెట్టెలో యాభై అయిపోయేదాకా లేవలేదు.

ఇంకో సంగతి. అంచులో మందు అన్నిచోట్లా సమంగా పరుచుకోకపోవడం వల్ల ఈ తూటాలు అప్పుడప్పుడు పేలకుండా మొరాయిస్తాయి. అలా జరిగితే తుపాకీ గురి వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. ఎన్నో ఏళ్లు పెద్ద క్యాలిబర్లే కాల్చిన మిత్రుడు ఒకసారి నా రైఫిల్ అడిగి తీసుకున్నాడు, నాలుగో తూటా పేలలేదు. పిన్ క్లిక్‌మన్న క్షణంలో బ్యారెల్ మొన రెండు అంగుళాలు కిందికి దిగడం ఇద్దరం చూశాం. లేని దెబ్బకి చెయ్యి ముందే సిద్ధమైందన్నమాట. ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆర్నెల్లు ప్రతి వారం వచ్చి ఈ చిన్నదే కాల్చాడు, ఇప్పుడు పెద్దదానితోనూ ఆయన గుండ్లన్నీ ఒక్కచోటే పడుతున్నాయి.

సులువైన ఆట అనుకునేవాళ్లకి ఒక లెక్క. 50 మీటర్ల రైఫిల్ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, గుండు వ్యాసం 5.6. ఒక మోస్తరు పక్కగాలి వీస్తే చాలు, గుండు ఆ వలయం దాటి పోతుంది. 50 మీటర్లకి సరిచేసిన గురితో 100 మీటర్లకి కాలిస్తే జానెడు దాకా కిందికి దిగుతుంది. గుండు నెమ్మదిగా పోతుంది కాబట్టి నొక్కిన వెంటనే తల ఎత్తితే అది ఇంకా బ్యారెల్లో ఉండగానే తుపాకీ కదిలిపోతుంది, అందుకే పేలాక కూడా ఒక క్షణం గురి మీదే ఉండాలి. 2012 లండన్‌లో విజయ్ కుమార్ ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ రజతం, 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే త్రీ పొజిషన్స్ (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీ) కాంస్యం, రెండూ ఈ పిల్లల తూటాతో వచ్చినవే. బయాథ్లాన్‌లో స్కీల మీద పరుగెత్తి వచ్చి, గుండె దడదడలాడుతుండగా కాల్చేదీ 1978 నుంచి ఇదే.

చిన్నది అన్నాను కదా అని ఆటబొమ్మ అనుకోకండి, ఈ విషయంలో నేను చాలా కచ్చితంగా ఉంటాను. ఇదే గుండు కిలోమీటరు దాటి పోగలదు, ప్రాణం తీయగలదు. వెనక మట్టిగట్టు లేని చోట, అనుమతి లేని చోట ఒక్కటి కూడా కాల్చకూడదు. కాలుద్దామనుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు. కళ్లకీ చెవులకీ రక్షణ ఉండాలి. సీసంతో పని కాబట్టి చేతులు కడుక్కున్నాకే ఏదైనా తినాలి. సరదాగా కాల్చేవాళ్లు నిర్లక్ష్యంగా ఉంటారని మీ పాఠకుల్లో కొందరు అనుకోవచ్చు. నేను చూసిన మంచి రేంజిల్లో ఈ నియమాలు తప్పినవాడిని ఆ రోజుకి ఇంటికి పంపేస్తారు, ఎంత మొనగాడైనా సరే.

ఆ వ్యాసం రాసిన విలేకరికి నాదొక మనవి. ఒక ఉదయం, గాలి లేవకముందు, రేంజికి రండి. నియమాలు ముందుగా నేను చెప్తాను, చెవుల రక్షణా కళ్లద్దాలూ నేనే తెస్తాను. యాభై తూటాలు కాల్చండి, ఐదు కాగితాల మీద పదేసి చొప్పున, తొందరపడకుండా. ఆ తర్వాత మొదటి కాగితం, ఐదో కాగితం పక్కపక్కన పెట్టి చూసుకుని, మీకు ఏమనిపిస్తే అది రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు