విక్టర్ మౌనానికి బలైన జస్టిన్

సంపాదకులకు నమస్కారం.

మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (1818)పై మీ సాహిత్య పేజీలో వచ్చిన వ్యాసం అందులోని శాస్త్రవేత్త విక్టర్‌ను విజ్ఞాన దాహానికి బలైన విషాద నాయకుడని కీర్తించడం నాకు మింగుడుపడలేదు. ఆ నవలలో బలైనవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లలో ఒకరైన జస్టిన్ పేరు వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు.

తాను ప్రాణం పోసిన జీవి మంచం దగ్గరకు వచ్చి, ఏదో పలకబోతూ చెయ్యి చాపితే విక్టర్ పారిపోయాడు. మర్నాడు అది గదిలో లేదని తెలిసి ఆనందంతో చప్పట్లు కొట్టాడే తప్ప, ఎక్కడికి పోయిందో వెతకలేదు. అది భయమని సరిపెట్టుకుందాం. కానీ తమ్ముడు విలియం హత్యానేరం ఇంట్లో పనిచేసే జస్టిన్ మీద పడ్డప్పుడు అతను చేసిన పనికి ఏ పేరు పెట్టాలి? పిల్లవాడి మెడలో ఉండవలసిన తల్లి చిత్రం ఆమె జేబులో దొరికింది, అదే ప్రధాన ఆధారం. అసలు హంతకుడు తాను సృష్టించిన ఆ జీవేనని విక్టర్‌కు రూఢిగా తెలుసు. చెప్పినా పిచ్చివాడి మాటలంటారని తనకు తాను సర్దిచెప్పుకుని, న్యాయస్థానంలో మౌనంగా కూర్చుని, నిందితురాలి బాధకన్నా తన బాధే ఎక్కువని వాపోయాడు! మతగురువు బెదిరింపులకు లొంగి చేయని నేరం ఒప్పుకున్న ఆ నిరుపేద పిల్లకు అండగా గట్టిగా నోరు విప్పింది విక్టర్‌కు కాబోయే భార్య ఎలిజబెత్ ఒక్కతే. జస్టిన్‌ను ఉరితీశారు.

ఎవరూ నమ్మరన్నది నిజమైన కారణమే అయితే, తన భార్య చనిపోయాక, జస్టిన్ విచారణ జరిగిన అదే జెనీవాలో న్యాయాధికారి దగ్గరకు వెళ్లి కథంతా పూసగుచ్చినట్టు ఎలా చెప్పగలిగాడు? నష్టం తనదైనప్పుడు వచ్చిన ధైర్యం పనిమనిషి ప్రాణం కోసం రాలేదు.

ఎలిజబెత్‌కూ అతను చేసింది ద్రోహమే. నీ పెళ్లిరాత్రి నీ దగ్గర ఉంటానని ఆ జీవి హెచ్చరిస్తే, ముప్పు తనకేననుకుని పిస్తోళ్లు, బాకు సిద్ధం చేసుకున్నాడు. భయంకరమైన రహస్యం ఒకటుందని, పెళ్లైన మర్నాడు చెబుతానని ఆమెకు ముందే ఉత్తరం రాశాడు. పెళ్లిరాత్రే ఆ జీవి చేతిలో చనిపోయిన ఆమె ఆ మర్నాడు చూడనే లేదు.

తన చేతులతో సృష్టించి వదిలేసినదాని వల్ల ఇంతమంది చనిపోయాక, ఓడలో తుదిశ్వాస విడిచే ముందు తన గత ప్రవర్తనను పరిశీలించుకుని, అందులో నిందించదగినదేమీ కనిపించలేదన్నాడు విక్టర్. అటువంటివాణ్ని విషాద నాయకుడనడం జస్టిన్‌కు రెండోసారి అన్యాయం చేయడమేనని మనవి.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం